ఏడు గుంటల పైడమ్మ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, జూలై మొదటివారంలో మా బిజినెస్ స్కూల్ డీన్ నన్ను పిలిచి, ఎంబీఏ రెండో ఏడాది విద్యార్థుల ఫీల్డ్ ప్రాజెక్టుల బాధ్యత అప్పగించారు. అప్పటికి నేను ఒడిశా కోరాపుట్ జిల్లాలోని ఒక విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని, పదవీ విరమణకు మూడేళ్ల దూరంలో ఉన్నవాణ్ని. జీపులో ఎముకలు కదిలే ఇలాంటి పనులు మామూలుగా కుర్ర లెక్చరర్లకు వేస్తారు. "ఈ సరిహద్దు ఊళ్ల తెలుగు మీకు వచ్చు కదా" అన్నారు డీన్. మూడు తరాలుగా రాయగడలో ఉన్న కుటుంబం మాది, రాకేం! దర్జాగా తల ఊపాను.

ఫీల్డ్ ప్రాజెక్టు అంటే, విద్యార్థి ఒక ఊరికో సంఘానికో పనికొచ్చే సమస్య తీసుకుని, రెండు నెలలు సర్వే చేసి, నివేదిక రాసి, దాన్ని ఆ జనం ముందే వినిపించాలి. సర్వే ప్రశ్నపత్రాన్ని మా పరిభాషలో 'టూల్' అంటారు. గైడు దాన్ని చదివి సంతకం పెట్టందే అది ఊళ్లోకి వెళ్లకూడదు. నియమం చాలా మంచిది, సంతకం పెట్టేవాడు చదివితే.

నా వాటాకు వచ్చిన విద్యార్థిని సౌమ్య. వాళ్లది కరీంనగర్ వైపు; తండ్రి డొరగుడ అల్యూమినా కర్మాగారంలో ఇంజనీరు కావడంతో ఇక్కడ చేరింది. చురుకైన పిల్ల. బంధుగాం దగ్గర తెలుగు మాట్లాడే ఆడవాళ్ల పొదుపు సంఘం ఒకటి తమకో పిండిమర కావాలని రాయగడలోని ఒక ట్రస్టుకు అర్జీ పెట్టుకుంది. చోళ్లు, అంటే రాగులు, పిండి పట్టించుకోవాలంటే వాళ్లు మూట నెత్తిన పెట్టుకుని గెడ్డ అనే వాగు దాటి పక్క ఊరికి నడవాలి. వానాకాలం గెడ్డ పొంగితే ఇంట్లో పిండి ఉండదు. ట్రస్టువారిది ఒకటే షరతు: మర ఖాళీగా ఉండకుండా పంట పండే భూమి సభ్యులకు ఉండాలి, లేకపోతే ఇంకో ఊరికి ఇచ్చేస్తారు. ఆ సంగతి తేల్చాల్సింది సౌమ్య నివేదికే.

టూల్‌లో నాలుగో ప్రశ్న, ఇంట్లో పెద్దవాళ్లు ఎందరు? ఐదోది, గుంటలు ఎన్ని? సౌమ్య వాళ్ల వైపు ఎకరంలో నలభయ్యో వంతుని గుంట అంటారు. ఒడిశా పట్టాల్లోనూ గుంఠే. ఆ పిల్ల తప్పు ఇసుమంత కూడా లేదు. నేను ఫ్యాన్ కింద కూర్చుని, టీ తాగుతూ సంతకం గీకేశాను. సంఘంలో చదువొచ్చినవాళ్లు తమవీ, రానివాళ్లవీ నింపి, వారంలో కాగితాలు తిరిగిచ్చారు.

పట్టికలు వేసి చూస్తే అందరికీ రెండు గుంటలు, మూడు గుంటలు. అందరికన్నా ఎక్కువ పైడమ్మ అనే ఆవిడకి, ఏడు. నీలమ్మ అనే ఆవిడకి సున్నా. ఇంత కొంచెం భూమికి మర దండగని సౌమ్య తేల్చింది. నేను భేష్ అన్నాను.

రాయగడలో ట్రస్టువారి హాల్లో సమావేశం. పెద్ద రైతుల తరఫున పైడమ్మనీ, భూమిలేనివాళ్ల తరఫున నీలమ్మనీ పిలిపించాం. ట్రస్టు అధికారి గోదావరి జిల్లా మనిషి, మర్యాదస్తుడు. పైడమ్మకి శాలువా కప్పి, "ఈసారి మీ గుంటలకి ఏం వేశారమ్మా?" అని అడిగారు.

"పొద్దున్న సద్దన్నం ఏసేను బాబూ" అంది పైడమ్మ.

ఆయన సరిగా వినలేదనుకుని, ఎరువు సంగతి అడుగుతున్నానన్నారు. పైడమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! గుంటలకి ఎరువేటి బాబూ? ఏడుగురూ అన్నవే తింతారు. పెద్దోడు విశాపట్నంలో తాపీ పని సేస్తన్నాడు, ఆకరుది ఇస్కూలుకెల్లింది."

నాకు చెవులు భగ్గుమన్నాయి. మా వైపు గుంటలంటే పిల్లలు! మా అమ్మ నన్ను ఉద్యోగంలో చేరాక కూడా "ఒరే గుంటడా" అనే పిలిచేది. పెద్దవాళ్ల లెక్క అయ్యాక గుంటలెన్ని అంటే, బంధుగాంలో ఎవరైనా పిల్లల లెక్కే రాస్తారు. ఆరా తీస్తే, మా పెద్ద రైతు పైడమ్మకి సొంతానికి సెంటు భూమి లేదు. చదువుకున్నవాడికన్నా చాకలివాడు మేలన్న సామెత నా కోసమే పుట్టిందనిపించింది.

"మరి ఈ సాలువా ఎనక్కిచ్చీమంటారేటి బాబూ?" అని పైడమ్మ అడిగేసరికి హాలంతా ఘొల్లుమంది. ఏడుగురిని పెంచినందుకు ఉంచుకోమన్నారు అధికారి. సౌమ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను లేచి, తప్పు పూర్తిగా నాదని, వారం గడువిస్తే నివేదిక మళ్లీ రాయిస్తామని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. అందరూ నవ్వుతున్నారు గాని, నీలమ్మ మాత్రం తల వంచుకుని కొంగు మడతలు సవరించుకుంటోంది.

మర్నాడే సౌమ్యా నేనూ బంధుగాం వెళ్లి, ఈసారి ఇంటింటా కూర్చుని నోటితో అడిగాం. చాలామందికి ఎకరం, ఎకరన్నర ఉంది. నీలమ్మ గుమ్మంలో చాప వేసింది. భూమి ఎంతని సౌమ్య అడిగింది.

"బూవా? రెండెకరాలుంది అమ్మీ. అడిగితే సెప్పనా? నువ్వు గుంటలెన్నని అడిగేవు. ఆ సున్నా రాయడానికి కాయితం ఎదరెట్టుకుని రెండ్రోజులు కూకున్నాను."

సంఘంలో అందరికన్నా ఎక్కువ భూమి ఆవిడదే. నాకు సిగ్గేసింది, బాధేసింది, క్షమించమ్మా అన్నాను. ఆవిడ "పోన్లెండి బాబూ, రాసుకోండి" అని పట్టా తెచ్చి చూపించింది.

మర వచ్చింది. దాన్ని నీలమ్మ వసారాలోనే బిగించారు. సౌమ్యకి వైవాలో మంచి గ్రేడే వచ్చింది. నివేదికలో 'అధ్యయన పరిమితులు' అనే అధ్యాయం ఉంటుంది. అందులో గుంట సంగతి దాచకుండా రాసింది.

ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. ఏ ఊరికి వెళ్లాల్సిన టూల్‌నైనా ముందు ఆ ఊరి మనిషి ఒకరికి వినిపించి, ప్రతి ప్రశ్నకీ ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకునేవాణ్ని. బంధుగాం కాగితాలైతే నీలమ్మే చదివేది. "ఇదేటి బాబూ, ఇది తెలుగేనా?" అని ఆవిడ కొట్టేసిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. ఆవిడ సరేనన్న కాగితం అడుగున ఆవిడ సంతకం, దాని కింద నాది.