పెద్ద నంబరు కెమెరా

మొన్న కోరుట్లలో నా ఫోటో స్టూడియోకి కొత్త లెన్సు వచ్చింది. పెట్టె విప్పగానే కొట్టే స్పాంజి వాసన పీల్చాను, మూత పెట్టాను, మళ్లీ తెరిచాను. ముందు గదిలో ఎవరో పాస్‌పోర్టు ఫోటో కోసం కూర్చున్నా కదలబుద్ధి కాక, లెన్సు అంచున తెల్లగా అచ్చేసిన అంకెలనే చూస్తూ ఉండిపోయాను. ఒకటి పాయింట్ ఎనిమిది. ఆ అంకెను మొదటిసారి చదివింది పదేళ్ల వయసులో, మా బాపు కోసం.

మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. ఆ పవర్‌లూమ్ మగ్గాల మోత మా వాడకట్టు గోడల్లో, గిన్నెల్లో, మంచినీళ్ల బిందెలో కూడా వినిపించేది. ఎండాకాలం గంజి పెట్టిన నూలు వాసన, వానాకాలం తడిసిన దూది వాసన, బతుకమ్మ రోజుల్లో వాటన్నిటి మీదుగా మలీద ముద్దల బెల్లం వాసన. ఆడపిల్లలం నూలు కట్టల మీది నంబరు చీటీలు ఊడబెరికి ఆడుకునేవాళ్లం: నలభై మీద అరవై గెలుస్తుంది, అరవై మీద ఎనభై, నూరు పడిందంటే ఆట అయిపోయినట్టే. నూలుకు నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నమవుతుంది, బట్ట మేలైనదవుతుంది. చేనేత నేసిన మా తాత నూరో నంబరు పోగును వేళ్ల మధ్య నలుపుతూ అన్నం సంగతే మరిచిపోయేవాడు. మా ఇంట్లో ఇంతకు మించిన శాస్త్రం లేదు.

బాపుకు సాంచాలంటే విసుగు. ఫోటోలు తీసి బతకాలన్న కోరిక ఆయన్ను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. జగిత్యాలలో ఒక ముసలి ఫోటోగ్రాఫర్ స్టూడియో మూసేస్తూ రెండు కెమెరాలు అమ్ముతున్నాడని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాడు. రెండూ ఒకే కంపెనీవి, ధరా ఒకటే. చిన్న అక్షరాలు కంటికి ఆనక బాపు నన్ను చదవమన్నాడు. బరువైన పాతదాని మీద ఉత్త ఐదు, దాని లెన్సు మీద ఒకటి పాయింట్ ఎనిమిది. తేలికైన రెండోదాని మీద పదకొండు వందలు, లెన్సు మీద మూడున్నర నుంచి ఐదు పాయింట్ ఆరు. ముసలాయన ఏదో చెప్పబోయాడు గానీ బాపు వింటేనా.

"నంబర్ల సంగతి నాకెర్కే సారూ. నూలు కట్టల నడుమ పుట్టినోన్ని" అని నా వైపు తిరిగాడు. "గిండ్ల ఏది పెద్దది బిడ్డా?"

చీటీల ఆటలో గెలిచినంత గట్టిగా పదకొండు వందలన్నాను.

ఆ కంపెనీ కెమెరాల్లో అంకె ఎంత పొట్టిదైతే కెమెరా అంత పై తరగతిది. లెన్సు మీది అంకె ఎంత తగ్గితే దాని కన్ను అంత పెద్దగా తెరుచుకుని ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఈ ముక్క మా ఇద్దరికీ తెలియదు. బాపు మొదటి పని ధర్మపురి గుడిలో మా మేనత్త కూతురి పెళ్లి. లోపల మసక వెలుతురు, ఫ్లాష్ కొట్టొద్దన్నారు. వెలుతురు చాలక షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉండి, తలంబ్రాల ఫోటోలన్నీ అలికినట్టు వచ్చాయి, పెళ్లికూతురి ముఖం ఒక్కదాంట్లోనూ ఆనవాలు లేదు. మేనత్త పల్లెత్తు మాట అనలేదు, అదే బాపును కోసింది. సాంచాల అదురు తన చేతుల్లోకి దిగిందని, వణికే చేతులకు కెమెరా ఎందుకని, దాన్ని బీరువా మీద పెట్టి మళ్లీ సాంచాలకే పోయాడు.

ఈ నంబర్ల మర్మం నేను పని నేర్చుకునేటప్పుడు తెలిసింది. చెబితే బాధపడతాడని రెండేళ్లు నోరు విప్పలేదు, చెప్పకుండా స్థిమితంగా ఉండలేకపోయాను. నిన్న స్టూడియో మూసేసి సిరిసిల్ల పోయాను. మా వాడకట్టులో సగం సాంచాలు ఆగిపోయాయి. చీటీలు పీక్కునే పిల్లలూ లేరు, ఇప్పుడు పక్కింటి మాటలు కూడా వినిపిస్తున్నాయి. బాపుకు అంతా చెప్పాను. ఆ రోజు పెద్ద నంబరని అరిచింది నేనేనని కూడా గుర్తుచేశాను. ఆయన తల తిప్పి బీరువా మీదికి చూశాడు.

"అయితే గప్పుడు నా చేతులు వణ్కలేదన్నట్టు" అన్నాడు.

లేదన్నాను. నా కెమెరా తీసి ఇచ్చాను. ఆ తర్వాత కూడా అన్నేళ్లు సాంచాలు నడిపిన ఆ చేతులు ఇప్పుడు నిజంగానే వణుకుతున్నాయి. కాసేపు పట్టుకుని చూసి, కన్నుకు ఆనించుకోకుండానే తిరిగి ఇచ్చేశాడు.