అర్జీ కింద చివరి మాట

ఇంగ్లీషు చెప్పే అయ్యవారి అరుగు మీద ఎవరూ కూర్చోకూడదని ఒక చట్టం ఉంటే ఎంత బాగుండునో అనుకునేవాణ్ణి ఆ రోజుల్లో! కడపలో హైస్కూలు ఉద్యోగం. పొద్దంతా పిల్లల ముందు అరిచి, గొంతెండి ఇంటికొస్తే, చెప్పులు విప్పేలోపలే ఎవరో ఒకరు కాగితంతో తయారు. కింద ‘ఒబీడియెంట్లీ’ అని పెట్టాలా, ‘ఫెయిత్‌ఫుల్లీ’ అని పెట్టాలా? సెలవు కోసం ‘రిక్వెస్ట్’ చేయాలా, ‘బెగ్’ చేయాలా? ‘షల్’ ఎక్కడ, ‘విల్’ ఎక్కడ? ఒక గుమాస్తా అయితే బజార్లో టెంకాయ బేరమాడుతున్నవాణ్ణి ఆపి మరీ, ‘ఆనరబుల్’కు ముందు ‘ఎ’ రావాలా ‘యాన్’ రావాలా అని అడిగాడు. ఏదో ఒకటి పెట్టుకోవయ్యా, చదివేవాడెవడు అనాలనిపించేది. అనలేక జవాబు చెప్పేవాణ్ణి. తల ప్రాణం తోకకొచ్చేది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులు గుడారాల్లో ఉన్నా సరే, అక్కడికి అర్జీ పెడితే పని అవుతుందని జనానికి ఆశ. అప్పుడే ఊరి బయటి పాలెం నుంచి ఒక ముసలాయన వచ్చాడు. అక్కడి చర్చికి పెద్ద. పాలెం బావి ఎండిపోయింది. ఆడవాళ్లు ఒక రైతు మోటబావికి పోయి, ఎద్దుల్ని విప్పేదాకా కుండలు పట్టుకుని ఎండలో నిలబడుతున్నారు. సర్కారు ఒక బావి తవ్వించాలి.

విషయం సూటిగా ఉంది కదా అని నాలుగు ముక్కల్లో రాసిచ్చాను. పాలెం వాళ్లకొక పద్ధతి ఉంది. ఇంగ్లీషు రాకపోయినా సరే, అర్జీ పైకి చదివి వినిపించందే వేలిముద్ర వేయరు. చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

“అంతేనా సామీ? ఈడ మొదలైంది, ఈడనే అయిపాయ. ఇంగ్లీషంటే ఉరుము మాదిరి ఉరమల్ల!”

“బావి కావాలన్నాం. ఇంకేం కావాలి తాతా?”

“మా పాదిరి వానకోసం ప్రార్థన జేస్తే పొద్దు తిరుగుతాది. దేవునికే అంతసేపు జెప్పుకుంటాండామే, సర్కారుకు ఇంతేనా?”

నాకు వాదించే ఓపిక లేదు. వంగి వంగి దండాలు పెట్టే పాత ఇంగ్లీషంతా దింపి రెండు పేజీలు నింపాను. ఆదివారం చర్చిలో నిలబడి చదివితే పాలెమంతా తలలు వంచుకుని విన్నది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నేను ముగించగానే అందరూ ఒక్కసారిగా “ఆమెన్” అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

“ఆ కడాకరి మాట ఏంది సామీ?” అని అడిగాడు ముసలాయన.

“అర్జీలన్నిటి కిందా పెట్టేదేలే. ‘షల్ ఎవర్ ప్రే’. తమకోసం ఎల్లకాలం ప్రార్థన చేస్తూ ఉంటాం అని.”

“మంచి మాట,” అని వేలిముద్ర వేశాడు.

జవాబు రాలేదు. ఎండాకాలాలు వచ్చిపోయాయి. రాజధానే హైదరాబాదుకు పోయింది. నా అరుగు మీద మాత్రం అవే ప్రశ్నలు. ఒక సాయంత్రం ముసలాయన కర్ర పొడుచుకుంటూ మళ్లీ వచ్చాడు. మెట్టెక్కడానికి నా చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఆ మోటబావి దగ్గర ఆడవాళ్లు ఇంకా అట్లాగే నిలబడుతున్నారట. మళ్లీ రాయమన్నాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. చెవిటివాడి ముందు ఎంతకాలం ఊదాలి శంఖం? అయినా రాశాను. ఆ చివరి మాట మాత్రం రాయబుద్ధి కాలేదు. చదివి వినిపిస్తే, కళ్లు మూసుకుని వింటున్నవాడు కళ్లు తెరిచాడు.

“ఆ ‘ఎవర్ ప్రే’ యాడ సామీ?”

“బావి తవ్వినారా? కాగితానికి జవాబైనా రాసినారా? వాళ్లకెందుకు తాతా ఆ మాట?”

“వాళ్ల సంగతి వాళ్లది. మనం రాసిచ్చినాము గదా! అప్పటినుంచి ఆదివారం తప్పకుండా ప్రార్థన జేస్తాండాము. ఆయప్ప పేరు దెల్దు, కర్నూల్లో ఉండే సారు అని జేస్తాంటిమి. ఇప్పుడు హైదరాబాదు సారు అంటాండాము.”

ఆ వాక్యం నేను ఎంతమందికి రాసిచ్చానో! దాన్ని ఎవరైనా నిలబెట్టుకుంటారని కలలో కూడా అనుకోలేదు. కలం తీసి కింద రాశాను. ముసలాయన ఇంకా కదలలేదు.

“ఇంకొక మాట రాయి సామీ. నాకు మోకాళ్లు వంగడంల్యా. కూర్చోనే జేస్తాండా. అదీ రాయి. సర్కారు కాగితంలో అబద్ధం ఉండకూడదు గదా.”

ఊరందరి సందేహాలూ తీర్చినవాణ్ణి. ఆ ఒక్క వాక్యం రాసేసరికి చీకటి పడింది.