నిప్పు ఆరిన ముసలి డ్రాగన్ ఎక్కడిది

బాపట్లలో జరిగిన ఒక పుస్తక సభలో నేను లేచి ఒక మాట చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ మాట తెలిసినవాళ్ళం ఆ హాల్లో ఇద్దరమే ఉన్నాం. రెండో మనిషి ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చి ఉంది. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు, ఊరికే కూర్చున్నాను. ఆ సంగతి మర్చిపోయానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను, మొన్న ఒక ఆదివారం మా అమ్మాయి వంటింట్లో బీరకాయల చెక్కు తీస్తూ ఫోన్లో కథ పెట్టుకునేదాకా.

అది కథలు చదివి వినిపించే యాప్ అట. ఎవరో అమ్మాయి చక్కటి గొంతుతో చదువుతోంది. నేను హాల్లో పేపరు చూసుకుంటున్నాను. “ముసలి డ్రాగన్ నోరు తెరిచింది. లోపల నిప్పు లేదని దానికొక్కదానికే తెలుసు. ఎదుటి మంద మాత్రం ఏటి అవతలికి తగ్గింది” అని వినబడింది. పేపరు మడిచి పక్కన పెట్టాను. “ఏంటి నాన్నా, నీక్కూడా పట్టుకుందా? మా ఆఫీసులో అందరూ ఇదే వింటున్నారు. కింద జనం రాసినవి చూడు, ఒక్కోసారి కథకన్నా అవే బాగుంటాయి” అంటూ మా అమ్మాయి వచ్చి సోఫాలో కూర్చుని అవి చదవడం మొదలుపెట్టింది. వేటపాలెం నుంచి ఒకావిడ, జీడిపప్పు కార్ఖానాలో పప్పు వలుస్తూ అందరం కలిసి వింటున్నామండి, ముసలిదాన్ని చంపొద్దు, చంపితే ఆ రోజు మా చేతులు ఆడవు అని రాసింది. ఇంకెవరో యుద్ధం తక్కువైంది, మాటలెక్కువయ్యాయి అన్నారు. ఒక కుర్రాడు, డ్రాగన్లు కూర్చుని సంధి మాట్లాడుకోవడమేంటి, కాల్చెయ్యక అన్నాడు. దానికింద ఎవరో “ముందు నువ్వు మీ ఆవిడతో సంధి చేసుకో బాబూ” అని పెట్టారు. మా అమ్మాయి పకపకా నవ్వి, తర్వాతది చదవబోయి ఆగింది. “అయ్యో, ఇది చూడు” అంది. “ఇంత మెచ్చుకోకండి. ఇది ఇంగ్లీషు నుంచి ఎత్తేసింది. బాపట్ల సభలో ఒక పెద్దాయన అందరి ముందూ అన్నారు. రాసినావిడ అక్కడే ఉంది, నోరెత్తలేదు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు.” చదివి నా వైపు చూసింది. “నిజమేనా నాన్నా? అప్పట్లో బాపట్ల సభలకి నువ్వు వెళ్ళేవాడివిగా?” “ఏమోనమ్మా” అన్నాను. అంటే రెండోసారి కూడా అదే పని చేశానన్నమాట.

ఆ కథ రాసినావిడని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పొద్దుటి పాసింజరులో పరిచయం. నాది రేపల్లెలో గుమాస్తా ఉద్యోగం, ఆవిడ అక్కడే హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళాయన తెనాలిలో పుస్తకాలకి బైండింగు చేసేవారు. మా పెట్టెలో రోజూ కనిపించే ముఖాలే అయిదారు. మొదట్లో అందరం కరెంటు బిల్లుల గురించీ, బదిలీల గురించీ, ఎవరి ఆఫీసరు ఎంత దుర్మార్గుడన్న దాని గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు బండి చినరావూరు దగ్గర చాలాసేపు ఆగిపోతే, విసుగు పోవడానికి అక్క కథ మొదలుపెట్టింది. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక లంక. ఆ లంక కోసం రెండు డ్రాగన్ల మందలు తరాలుగా కొట్టుకుంటున్నాయి. కథ సగంలో ఉండగా బండి కదిలింది. మర్నాడు మేమే అడిగాం. అలా అది ఒక వర్షాకాలమంతా నడిచి, ఇంకో వేసవిలోకి వెళ్ళింది.

ఆ కథకి మొదటి పాఠకులం మేమే, మా అంత పెంకి పాఠకులు మళ్ళీ దొరకరు. కొల్లూరు నుంచి అరటి గెలలు తెచ్చి తెల్లారకముందే తెనాలి మార్కెట్లో అమ్ముకుని, తిరుగు ప్రయాణంలో మా బండి ఎక్కే ఒక బాబాయి ఉండేవాడు. వేమూరులో దిగిపోయేవాడు కాబట్టి ప్రతిరోజూ కథ అతనికి సగమే దక్కేది. మిగతా సగం తనే అల్లుకుని, మర్నాడు వచ్చి దాని మీద పోట్లాడేవాడు. “అంత లావు ఒళ్ళుకి మేత ఎవరు వేస్తారమ్మా? లంకలో పశువుకి గడ్డి దొరక్క మేం చస్తున్నాం” అనేవాడు. అవి ఎగిరే మొసళ్ళేగానీ ఇంకేం కాదని అతని అభిప్రాయం, చివరిదాకా మార్చుకోలేదు. ఒకసారి “రెక్కలున్నాయిగా, ఇంకో చోటికి ఎగిరిపోవచ్చుగా, ఈ దెబ్బలాట ఎందుకు?” అని గట్టిగా నిలదీశాడు. అక్క నవ్వి, “వరదొచ్చిన ప్రతిసారీ ఊళ్ళోకి వచ్చేసి ఉండమని మీ అల్లుడు పిలుస్తాడన్నారు, మీరెందుకు వెళ్ళలేదు బాబాయిగారూ?” అంది. వేమూరులో దిగుతూ బాబాయి “ఆ ముక్క కథలో పెట్టమ్మా” అన్నాడు. రంజాన్ నెలలో రోజా ఉండి గొంతు ఆరిపోతుందని అక్క కథ మెల్లగా, కొంచెమే చెప్పేది. ఆ నెలంతా బాబాయి సాయంత్రానికి ఉంచుకోమని ఆవిడకి మంచి చక్కరకేళీ హస్తం ఒకటి ఇచ్చి, మాకు మాత్రం మగ్గినవి ఇచ్చేవాడు.

నిప్పు ఆరిన ముసలి డ్రాగన్ కథలోకి వచ్చింది నావల్ల. మా నాన్న కాకుమాను దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయన గొంతు వింటే వీధి చివర కుక్కలు కూడా లేచి వెళ్ళిపోయేవి. ఉద్యోగం చివరి ఏడాది గొంతుకి ఆపరేషన్ అయి స్వరం పోయింది, గుసగుస తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ సంగతి తోటి పంతులుకీ మాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. పాఠాలు ఆ తోటి పంతులు చెప్పేవాడు, నాన్న వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. పిల్లలు అల్లరి మొదలుపెట్టగానే లేచి, ఛాతీ నిండా గాలి పీల్చి నోరు తెరిచేవాడు. అంతే, బడంతా నిశ్శబ్దం. ఆ అరుపు ఎన్నడూ రాలేదు, వస్తుందన్న భయంతోనే ఏడాది గడిచిపోయింది. ఇది ఒకరోజు నవ్వుతూనే చెప్పాను, మిగతావాళ్ళు అప్పటికే దిగిపోయారు, పల్లికోన దాటాం. అక్క మాత్రం నవ్వలేదు. “తమ్ముడూ, దీన్ని నేను వాడుకోవచ్చా?” అని అడిగింది. “వాడుకోండి గానీ మా నాన్నదని మాత్రం ఎవరికీ చెప్పకండి, వింటే చిన్నబుచ్చుకుంటారు” అన్నాను. “నా నోటంట రాదు” అంది.

అక్క ఆ కథని నవలగా రాసింది. బావగారు తనే దగ్గరుండి కొద్ది కాపీలు వేయించి, దారం తనే కుట్టి, అట్టలు తనే అతికించారు. బాపట్లలో నెలనెలా పుస్తకాల మీద చర్చ జరిపే మిత్రులు కొందరుండేవారు. వాళ్ళకి ఒక కాపీ ఇచ్చి, చర్చ పెట్టమని అడిగింది నేనే. ఆ సభల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక మాస్టారి మాటంటే అందరికీ గురి. ఆ రోజుల్లోనే నా కథలు పుస్తకంగా తేవాలని నేను తిరుగుతున్నాను, దానికి మాస్టారు ముందుమాట రాస్తానన్నారు. మా నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది, చిన్నబుచ్చుకునే మనిషి లేడు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే నేను ఊరుకోవడానికి కారణం చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

సభ మంచిగానే మొదలైంది. ఒకావిడ భాష బాగుందంది. ఒకాయన మనకి పాములుండగా డ్రాగన్లెందుకన్నాడు. అక్క తల మీద కొంగు సర్దుకుంటూ అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చింది. అప్పుడు మాస్టారు లేచారు. “అన్నిటికన్నా గొప్పగా ఉన్నది నిప్పు ఆరిన ముసలి డ్రాగన్. అందుకే నాకు అనుమానం. ఇలాంటి ఊహ మన ఊళ్ళలో, మన ఇళ్ళలో పుట్టేది కాదు. ఏదో ఇంగ్లీషు నవల్లోంచి దిగింది. అమ్మ లెక్కల టీచరు కదా, ఎక్కడ నుంచి తెచ్చి ఎక్కడ కలపాలో బాగా తెలుసు” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వు ముఖమే పెట్టాననుకుంటాను. “లేదండి, అది ఇక్కడిదే” అంది అక్క. “ఇక్కడంటే ఎక్కడమ్మా? చెప్పండి, వింటాం” అన్నారాయన. అక్క తిరిగి నా వైపు చూసింది. చెప్పమని అడగలేదు, చెబుతానేమో అని చూసింది. నేను తల వంచి, చేతిలో ఉన్న ఆహ్వానపత్రం మీద నా పేరు ఏ వరసలో వేశారో చదువుకున్నాను. తల ఎత్తేసరికి ఆవిడ “మీకు అలా అనిపిస్తే నేనేం చెప్పగలనండి” అని కూర్చుంది.

ఆ తర్వాత అక్క ఆడవాళ్ళ పెట్టెలోకి మారిపోయింది. బాబాయి రెండు మూడు రోజులు మా పెట్టెంతా వెతికి, “ఏంటి, టీచరమ్మ రావట్లేదా? ఆ మొసళ్ళ యుద్ధం ఏమైంది?” అని అడిగాడు. ఒంట్లో బాగోలేదట అని చెప్పాను. రెండో భాగం వస్తుందని నవల చివర ఉంది, అది రాలేదు. నా కథల పుస్తకం మాత్రం వచ్చింది. ‘ఎవరి నీడా పడని సొంత గొంతు’ అని మాస్టారు ముందుమాటలో రాశారు. అది అచ్చులో చూసుకున్న రోజు గర్వపడ్డాను కూడా, దాచుకోవడం ఎందుకు.

మొన్న మా అమ్మాయికి ‘ఏమో’ అని చెప్పాక అన్నం సయించలేదు. భోజనం మధ్యలోనే, “ఆ ముసలి డ్రాగన్ మీ తాతయ్య” అన్నాను. జరిగిందంతా చెప్పాను. మొత్తం విని, “ఇంతకాలం మమ్మల్ని కూడా తాతయ్యని అందులో చూసుకోనివ్వలేదు కదా నాన్నా” అని మాత్రం అంది. ఫోన్ నా చేతికిచ్చింది. ఆ కాపీ అన్న మాట కింద, నా అసలు పేరుతో, ఆ హాల్లో కాదనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నానని, అనలేదని, కథ ఎక్కడిదో ఏమిటో ఉన్నదున్నట్టు రాశాను. రాశాక అది చాలదనిపించింది. అపరిచితులకి చెప్పడం తేలిక.

మర్నాడు తెనాలిలో అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క రిటైరైంది, కాస్త చిక్కింది. యాప్‌లో చదువుతున్నది వాళ్ళ కోడలట, అత్తగారిని ఒప్పించడానికే చాలా రోజులు పట్టిందట. “రా తమ్ముడూ, కూర్చో. నీ పుస్తకం చదివాను, ముందుమాట చాలా బాగుంది” అంది అక్క, ముఖంలో నవ్వు లేకుండా. బావగారు లోపలికెళ్ళి టీ పెట్టిస్తున్నట్టు గిన్నెల చప్పుడు చేశారు. రెండో భాగం ఎందుకు రాయలేదని అడిగాను, అడిగే హక్కు లేకపోయినా. “కూర్చున్నాను రాద్దామని. ఒక మంచి వాక్యం పడగానే, ఇది ఎక్కడిదని అడుగుతారో అని కొట్టేసేదాన్ని. మంచివన్నీ కొట్టేశాక మిగిలింది చదివితే నాకే నిద్రొచ్చింది” అంది. టీ వచ్చింది. నేను కప్పు ముట్టుకోలేదు. బావగారూ కోడలూ కూడా వినేలా, లేచి నిలబడే చెప్పాను.

“అక్కా, అది మా నాన్న కథ, నేను చెప్తే మీరు అడిగి తీసుకున్నారని ఆ రోజు నేను ఇలాగే లేచి చెప్పాల్సింది. భయపడి కాదు, ఆశపడి ఊరుకున్నాను. మీరు మాట నిలబెట్టుకుంటారని తెలిసే ఊరుకున్నాను. ఇవాళ చెప్పిన మాట ఇవాళ్టికే పనికొస్తుంది, మీరు రాయకుండా ఉండిపోయిన ఏళ్ళ దగ్గరికి అది వెళ్ళలేదు. వాటిని తెచ్చి ఇవ్వడం నా చేతుల్లో లేదు. తప్పు నాది. నన్ను క్షమించండి.”