మిర్చి టీచర్‌ను రాసిన మా ఆపా

“ఖాలా, అమ్మీ పోయింది.” పోయిన శుక్రవారం పొద్దున భద్రాచలం నుంచి ఆపా కోడలు ఫోన్‌లో అన్నది ఇంతే. అత్తను అమ్మీ అనీ, నన్ను ఖాలా, అంటే పిన్నీ అనీ పిలుస్తుంది. బూర్గంపాడులో చింతపండు పిసుకుతున్నదాన్ని, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే ఆటో ఎక్కాను. వంతెన మీద డ్రైవర్ పాటలు పెడితే ఆపమన్నాను. ఎలా ఆపమన్నానో ఇక్కడ రాయను.

అడవి అంచున ఒకే బడిలో పనిచేశాం మేమిద్దరం. ఆమె తెలుగు, నేను సోషల్. నాకంటే పెద్దది కాబట్టి ఆపా. రిటైరయ్యాక మేమంతా మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే ఆమె నవల రాసింది. అందులో ఉన్నవాళ్లంతా మేమే. మిర్చి టీచర్ నేను. చదివినవాళ్లు నవ్వే ఉంటారు. నవ్వండి, నాకేం పోయింది! నాకు లేని సోడాబుడ్డి కళ్లద్దాలు ఆ టీచర్‌కు పెట్టింది. తర్వాత నాకూ వచ్చాయి.

ఆపా పుట్టింటివాళ్లది బట్టల దుకాణం. రాత గురించి అడిగినా బట్టల లెక్కలోనే చెప్పేది. “మనిషిని మొత్తం తీస్కోవద్దే. కావాల్సినంతే చింపుకోవాలె. మిగిలిన బట్ట తాను వాళ్లదే.”

అశ్వారావుపేట నుంచి వచ్చే మా సైన్స్ టీచర్ ఒకసారి స్టాఫ్‌రూంలో మా ఇద్దరికే తన సంసారం సంగతి చెప్పి ఏడ్చింది. అది రాస్తే నవల ఎక్కడికో పోతుందని తర్వాత నేనే ఆపాకు సలహా ఇచ్చాను.

“ఏడ్చుకుంట చెప్పింది దాచిపెట్టమని ఇచ్చినట్టే. అది మనది కాదు,” అంది.

నవలలో సైన్స్ టీచర్ పామాయిల్ గెల పట్టుకొచ్చి పాఠం చెప్తుంది, పిల్లల్ని నవ్విస్తుంది. అంతే. ఆ పేజీలు చదువుకుని ఆమె ఎంత మురిసిపోయిందో! ఆపా ఏం రాయలేదో తెలిసింది నా ఒక్కదానికే. రాసినదానికంటే దానికే ఎక్కువ దండం పెట్టాలనిపించింది నాకు.

ప్రెస్సుకు ఇచ్చేముందు మమ్మల్ని ఇంటికి పిలిచి, కిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా పెట్టి, ఎవరి పేజీలు వాళ్ల చేతిలో పెట్టింది. “మీకు నచ్చని మాట ఒక్కటి కొట్టేయుండ్రి. ఎందుకని అడుగ.”

సైన్స్ టీచర్ తన వయసు కొట్టేసింది. నా పెన్ను చివరి అధ్యాయంలో ఆగింది. అక్కడ మిర్చి టీచర్ స్నేహితురాలు చనిపోతుంది. వాళ్లింటికి వెళ్లి ఈవిడ కుర్చీలు నీడకు జరిపిస్తూ అందర్నీ తిడుతుంది. ‘ఆమె ఏడవలేదు’ అని వాక్యం.

“ఇది కొట్టేస్తా ఆపా. నేను మనిషినా, బండరాయినా?”

ఎందుకని అడగనన్న మనిషి నా పెన్ను పట్టుకుంది. “అదొక్కటి ఉండనియ్యే. నువ్వు కూడా ఏడుస్తుంటే కుర్చీలు ఎవలు జరుపుతరు?”

“మరి నా హక్కు?”

“నేను పోయినంక చూస్కో. తప్పు రాసిన్నని అనిపిస్తే అప్పుడు కొట్టెయ్.”

“అప్పుడు నీకెట్ల తెలుస్తది?”

“నీ నోరు ఆడిదాంక వినపడ్తది తియ్!”

శుక్రవారం వెళ్లేసరికి వాకిట్లో ముసలివాళ్లు ఎండలో కూర్చున్నారు. కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. “ఆ ఫోన్లు జేబుల పెట్టి కుర్చీలు నీడకు జరుపుండ్రి! చెప్పేదాక తెల్వదా?” అన్నాను. గడపలో ఏడుస్తున్న కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు పిల్లకు. “ఖాలా, అచ్చం పుస్తకంల లెక్కనే!”

మగవాళ్లు జనాజాను భుజాలకెత్తుకుని ఖననానికి వెళ్లారు. ఆడవాళ్లం మిగిలాం, తర్వాత వాళ్లూ ఒక్కొక్కరే లేచారు. వాకిట్లో నేనొక్కదాన్నే కూర్చుని ఉంటే కోడలు నవల, పెన్ను తెచ్చి ఒళ్లో పెట్టింది.

“అమ్మీ చెప్పింది ఖాలా. మీది ఒక మాట బాకీ ఉన్నదట.”

చివరి అధ్యాయం తీశాను. వాక్యం ఎక్కడుందో కంటికి ఆనలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. అయినా ఆనలేదు.

ఏమీ కొట్టెయ్యకుండానే పెన్నుకు మూత పెట్టేసి తలెత్తేసరికి ఎండ తిరిగి కుర్చీల మీదికి వచ్చింది. అన్నీ ఖాళీవే. అయినా లేచి, ఒక్కొక్కటే నీడకు జరిపాను.