సైరన్ మోగితే లేచే చేయి

నా చెల్లెలు పార్వతికి ఒక్కడే కొడుకు, రవి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాడు పోయి రెండు నెలలు దాటినా పార్వతి సరిగ్గా తినడం లేదని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. దాన్ని కొన్నాళ్లు మా పలాసకు తీసుకొచ్చేద్దామని బయలుదేరాను.

ఉదయం ఆరు దాటాక రైలెక్కాను. స్లీపర్ టికెట్ ముందే తీసుకోవడం మంచిది. జనరల్ పెట్టెలో కాలు పెట్టడానికి చోటుండదు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని కనుక స్టేషన్ల పేర్లు కూడబలుక్కుంటూ కూర్చున్నాను. ఇచ్ఛాపురం దాటాక తెలుగు బోర్డులు ఆగిపోయాయి. సోంపేటలో ఎక్కిన ఆవిడ మా వైపు అక్కను పిలిచినట్టే అప్పా అంటూ నవ్వింది. "నీ కళ్లకి సెలవిచ్చీసినారప్పా. ఇంకేటి సదువుతావు గానీ, ఇడ్లీ తిను."

నాకు చదువు చెప్పిన టీచరమ్మ పాఠమయ్యాక మమ్మల్ని కళ్లు మూసుకుని కూర్చోమనేది. ఆలోచన వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది; నువ్వు దాన్ని చూస్తున్నదానివి, అది నువ్వు కాదు అనేది. మా ఆయన పోయినప్పుడు ఆ మాటే నన్ను నిలబెట్టింది. పార్వతికీ అదే చెప్పాలని దారంతా అనుకున్నాను. మధ్యాహ్నం భద్రక్‌లో మరమరాల పొట్లం కొనుక్కుని తిన్నాను. మూడున్నరకు ఖరగ్‌పూర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం చాలా పొడవు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తొందరపడకండి. అక్కడి నుంచి పార్వతి ఉండే రైల్వే క్వార్టర్లకు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు ఆటోలో వెళ్లాను.

మర్నాడు పొద్దున్న వర్క్‌షాపు సైరన్ మోగింది. పార్వతి లేచి కేరేజీలో అన్నం, కూర సర్ది, మూత బిగించి, గుమ్మం దగ్గర పెట్టింది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ వేళకు జరిగే పనే అది.

"ఎవరికే?" అన్నాను.

"ఆ పొద్దున గుండెల్లో నొప్పి అన్నాడప్పా. వొట్టి గేసురా, తగ్గిపోద్ది అన్నాను. కేరేజీ సేతిలో ఎట్టి పంపినాను. నానే సంపీసినాను."

టీచరమ్మ మాట అందుకున్నాను. "అది ఒట్టి ఆలోచనే పార్వతీ. వచ్చిందని చూడు. అది నువ్వు కాదు."

అది నా వైపు కోపంగా చూసింది. "ఆలోసన నాది కాదా? మరి బిడ్డో? ఆడూ నావోడు కాడా? బాగా సదువుకుని వొచ్చినావులే!"

ఇంకేమీ చెప్పకుండా రోజూ దాని పక్కన కూర్చున్నాను. గోల్‌బజార్ నుంచి చేపలు తెచ్చి వండాను. ముట్టలేదు.

నేను తిరిగి వచ్చే రోజు పొద్దున మళ్లీ సైరన్ మోగింది. పార్వతి చేయి కేరేజీ వైపు వెళ్లి, గాల్లోనే ఆగిపోయింది.

"అప్పా, సూడు. సెయ్యి దానంతట అదే లెగుస్తంది. నాను లేపలేదు." ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, "నానే సంపీసినానని... అదిగో, మళ్లీ వొచ్చింది" అంది, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు చూస్తూ.

దాని మనసు తేలికపడుతుందనుకున్నాను. అది ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది. తర్వాత నేను కలిపి పెడితే నాలుగు ముద్దలు తింది. నాతో మాత్రం రానంది. "ఆడు తిరిగిన వీధప్పా. క్వార్టరు కాళీ సెయ్యమన్నప్పుడు సూద్దాం."

తిరుగు ప్రయాణానికి ఇద్దరికీ టికెట్లు తీసుకుని ఉన్నాను. ఒక్కదాన్నే ఎక్కాను. 'చెల్లెలిని వదిలేసి వస్తున్నావు' అనే ఆలోచన నాతోపాటే రైలెక్కింది. చూస్తూ కూర్చున్నాను. బాలాసోర్ దగ్గరకొచ్చేసరికి అది పోయింది. దుఃఖం పోలేదు. చూడటం నేర్చుకుంటే దుఃఖం ఉండదని ఇన్నాళ్లూ నమ్మాను. ఉంటుంది. పార్వతి దగ్గరకు వెళ్లాకే నాకది తెలిసింది.

బాలాసోర్‌లో ఒక బెంగాలీ ఆవిడ సంచీతో వచ్చి నా పక్కన పార్వతి సీటు చూపించి, ఎవరైనా ఉన్నారా అని అడిగింది. "ఇధర్ కోయీ హై, దీదీ?"

లేరని తల ఊపి, కిటికీ వైపు జరిగాను.