పన్నెండో నంబరు సీటు

మా సాన్ ఎలాయ్ మునిసిపాలిటీ ఆఫీసులో, మేయర్ గది బయట గోడకి ఒక పెద్ద ఫోటో ఉంది. మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు పేరు శంఖాలు. ఆ శంఖాలు ఏడేళ్ల క్రితం మొదటిసారి కప్పు గెలిచిన సాయంత్రం తీసిన ఫోటో అది. ఆటగాళ్ల వెనక ఊరంతా ఉంది. నేనున్నాను, డప్పులు వాయించే కాస్తులో ఉన్నాడు, ఎవరిదో కుక్క కూడా నాలుక బయటపెట్టి నిలబడింది. లేనిదల్లా ఎఫ్రైన్ మైసోనెట్ ఒక్కడే. టైర్ల పంక్చర్ షాపు ఎఫ్రైన్. ముప్పై ఏళ్లుగా మా స్టేడియంలో జరిగిన ఒక్క ఆట కూడా మానని మనిషి.

ఆ సాయంత్రం ఆయన బాత్రూంలో ఉన్నాడు. మేమే పంపించాం.

ఈ గొడవ మొదలై పందొమ్మిదేళ్లయింది. ఒక ఆదివారం ఎఫ్రైన్ స్టేడియం గేటు దగ్గర పీత బజ్జీలు నాలుగు తిన్నాడు. మూడోది తినేటప్పుడే వాసన తేడాగా ఉందని నేను చెప్పాను, వినలేదు. రెండో సగంలో పొట్ట పట్టుకుని పరిగెత్తాడు. అప్పటికి మనవాళ్లు పద్నాలుగు పాయింట్లు వెనక ఉన్నారు. ఆయన బెల్టు సర్దుకుంటూ తిరిగొచ్చేసరికి రెండు ముందున్నారు. పై వారం కూడా అదే జరిగింది. బజ్జీల పాపం ఇంకా పూర్తిగా దిగలేదు మరి. కాస్తులో డప్పు పక్కన పెట్టి బుర్ర గోక్కున్నాడు. చేపలు పట్టుకుని బతికేవాడు, ఏ గాలికి ఏ చేప పడుతుందో గుర్తుపెట్టుకునే బుర్ర అది. మూడో ఆటలో వెనకబడగానే ఎఫ్రైన్ భుజం మీద చెయ్యి వేసి, "బాబాయ్, ఓసారి లోపలికెళ్లి రారాదూ" అన్నాడు.

అంతే, అది ఆచారమై కూర్చుంది. శంఖాలు వెనకబడితే చాలు, కాస్తులో మూడు దెబ్బలు కొడతాడు, మూడు వేల మంది "ఎఫ్రైన్, బాత్రూం" అని అరుస్తారు. ఎఫ్రైన్ లేచి, టోపీ తీసి అందరికీ ఊపి, సంచీ నాకిచ్చి వెళ్తాడు. లోపల ఆయన కోసం కుర్చీ వేశారు, చిన్న ఫ్యాను పెట్టారు. జట్టు మేనేజరు ఇత్తడి పలక మీద ఆయన పేరు చెక్కించి గోడకి కొట్టించాడు. బతికుండగానే బాత్రూంలో పేరు చెక్కించుకున్నవాడు ఈ దీవి మొత్తంలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

ఆట అయ్యాక ఆయన వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "చెల్లెమ్మా, ఆఖరి బంతి బుట్టలో ఎలా పడింది?"

నేను తపాలా ఆఫీసు కౌంటరు వెనక ముప్పై రెండేళ్లు కూర్చున్నదాన్ని. ఎక్కువ మాటలు నాకు గిట్టవు. "పడింది. అంతే" అనేదాన్ని. ఆయన తలూపి సంచీ తీసుకునేవాడు.

ఇప్పుడు నా సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. నా సీటు పన్నెండు, ఆయనది పదమూడు. ఒక తుఫానుకి పైకప్పు ఎగిరిపోయాక మళ్లీ కట్టించినప్పుడు, ఇంజనీరు మహానుభావుడు ఎవరో ఒక సిమెంటు స్తంభం తెచ్చి సరిగ్గా నా సీటు ముందు నిలబెట్టాడు. నాకు కుడివైపు బుట్ట కనిపిస్తుంది, ఎడమవైపుది కనిపించదు. పదమూడు నుంచి చూస్తే కోర్టంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. మా దగ్గర ఎవరైనా పోతే తప్ప సీటు ఖాళీ అవదు. అందుకని ఎఫ్రైన్ లేచి వెళ్లగానే, ఆయన కూర్చున్న వెచ్చదనం చల్లారకముందే నేను అందులోకి జరిగేదాన్ని. ఆయన వచ్చే అలికిడి వినగానే వెనక్కి జరిగేదాన్ని. మనవాళ్లు రెండు పాయింట్లు వెనకబడినా "లేవండన్నయ్యా, ఊరి కోసం" అని ముందుగా అనేది ఎవరనుకున్నారు? నేనే. సిగ్గుగానే ఉంది. అయినా ఏళ్ల తరబడి సగం కోర్టే చూస్తే మీరూ అలాగే చేస్తారు.

ఈ ఏడాది శంఖాలు మళ్లీ ఏడు ఆటల ఫైనల్‌కి వచ్చారు. చెరి మూడు గెలిచారు. ఏడోది మా దగ్గరే, ఆదివారం సాయంత్రం ఐదింటికి, కొండ ఊరి జట్టు గద్దలతో. ఎఫ్రైన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చాడు. కూర్చుంటూనే మా వరుసకంతా వినబడేలా చెప్పాడు.

"ఇవాళ నేను లేవను."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మార్చిలో రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకున్నాను. కొత్త కళ్లు పెట్టించుకుంది బాత్రూం టైల్సు చూడ్డానికా? టైల్సు నూట నలభై రెండు. అవి పాత కళ్లతోనే లెక్కపెట్టేశాను. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఒక్క కప్పు, ఎదురుగా కూర్చుని చూడాలి. అంతకన్నా ఏమీ అడగట్లేదు."

మొదటి సగం బాగానే గడిచింది. ఆఖరి క్వార్టర్‌లో ఐదు నిమిషాలుందనగా మనవాళ్లు తొమ్మిది పాయింట్లు వెనకబడ్డారు. కోచ్ టైమ్ అవుట్ అడిగాడు. కాస్తులో మూడు దెబ్బలు కొట్టాడు. ఊరంతా అరిచింది. ఎఫ్రైన్ సీటు అంచులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

కాస్తులో వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా. ఐదే ఐదు నిమిషాలు."

"ఏడేళ్ల క్రితం కూడా ఐదు నిమిషాలే అన్నావురా."

"ఇంక జన్మలో నీ షాపులో పంక్చర్ వేయించుకోను" అన్నాడు వెనక వరుస ఆయన.

"వేయించుకోకు. నడిచెళ్లు."

మైకులో కూడా వినబడింది: పదమూడో నంబరు సీటు వారికి ఊరి తరఫున మనవి. ఎఫ్రైన్ మెడ మీద నరాలు లేచాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, నువ్వయినా చెప్పు వీళ్లకి."

పందొమ్మిదేళ్లలో ఆ మనిషి నన్ను అడిగిన సాయం అదొక్కటే. లేచి నిలబడ్డాను.

"ఒరే కాస్తులో, ఆయన బాత్రూంకి వెళ్లినప్పుడల్లా నేను ఆయన సీట్లోకి జరిగేదాన్ని. ఒక్కసారి కూడా మానలేదు. కాబట్టి గెలిపించింది బాత్రూమో, నా సీటు ఖాళీగా ఉండటమో, నీకేం తెలుసు?"

వరుసంతా నోరు తెరిచింది. అందరికంటే పెద్దగా తెరిచింది ఎఫ్రైన్.

కాస్తులో మళ్లీ బుర్ర గోక్కున్నాడు. "అయితే ఇప్పుడు బాబాయ్ ఒళ్లో కూర్చుంటావా పిన్నీ?"

"నోర్ముయ్. పన్నెండు ఖాళీ అవాలి. ఖాళీ చేస్తున్నా."

"మరి బాత్రూం?"

దానికీ సమాధానం ఉండాలి కదా. ఊరి కప్పుతో పరాచికాలా? నా సంచీ ఎఫ్రైన్ ఒళ్లో పడేసి, మెట్లు దిగి, మగవాళ్ల బాత్రూంకే వెళ్లాను. ఆడవాళ్లది ఎప్పుడూ పరీక్షించి చూడలేదు. లోపల ఎవరో ఒకాయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"నీ పని నువ్వు చూసుకో నాయనా. నేను డ్యూటీ మీద వచ్చాను."

ఆయన పని సగంలోనే వదిలేసి పారిపోయాడు.

కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఇత్తడి పలక, చుట్టూ టైల్సు. మనవాళ్లది పడితే జనం గోలకి ఫ్లష్ ట్యాంకు మూత గలగలమంటుందని, వాళ్లది పడితే కుళాయి చుక్క కూడా వినబడుతుందని ఎఫ్రైన్ ఎప్పుడో చెప్పాడు. నేను చెవిన వేసుకుంటేగా. మూత గలగలమంది. మళ్లీ గలగలమంది. తర్వాత కుళాయి వినబడింది. లెక్క తప్పిపోయింది. లేచి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. చూడకుండా కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఆయన ఇన్నేళ్లు ఎలా కూర్చున్నాడో, వచ్చి నా రెండు ముక్కల జవాబు విని ఎలా ఊరుకున్నాడో తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఉన్నట్టుండి డప్పులు ఆగిపోయాయి. కుళాయి చుక్క ఒకటి పడింది. రెండోది పడింది. మూడోది నేను వినలేదు, ఎందుకంటే ట్యాంకు మూత ఎగిరి కింద పడి రెండు ముక్కలైంది.

ఆ తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. అందరూ కోర్టులోకి దూకేసి ఉంటారు. నన్ను ఎవరు తలుచుకుంటారు? తలుపు తీసుకుని ఎఫ్రైన్ వచ్చాడు. చొక్కా చిరిగింది, జుట్టంతా రేగింది, కొత్త కళ్లు రెండూ ఎర్రబడి ఉన్నాయి. నా సంచీ మాత్రం భద్రంగా చంకలో ఉంది.

"అన్నయ్యా," అన్నాను. "ఆఖరి బంతి బుట్టలో ఎలా పడింది?"

ఆయన సంచీ తీసి నా ఒళ్లో పెట్టాడు.

"పడింది. అంతే."

నాకు తగిన శాస్తే అది. తల వంచుకున్నాను. కానీ ఆయన పోలేదు. బక్కెట్టు బోర్లించి నా ఎదురుగా కూర్చున్నాడు. నాలాగా రెండు ముక్కల్లో తేల్చేయడం ఆయనకి చేతకాదు. "ఐదు నిమిషాలుందా? నువ్వు మెట్లు దిగుతున్నావా? అప్పుడు మన పొడుగాటివాడు..." అని మొదలుపెట్టి, ప్రతి పాసూ చేతులతో చూపిస్తూ, వాచ్‌మన్ వచ్చి తలుపు మూయాలనే దాకా చెప్పాడు. ఆఖరిది ఎడమవైపు బుట్టలో పడిందట. పన్నెండులో ఉన్నా నాకు కనిపించేది కాదు.

మేయర్ గది బయట ఇప్పుడు రెండో ఫోటో కూడా ఉంది. ముందు వరుసలో ఎఫ్రైన్, నోరంతా తెరుచుకుని. కుక్క ఈసారి రాలేదు. నేను లేను. తపాలా ఆఫీసు నెరెయిదా ఏదీ అని ఎవరైనా అడిగితే, ఆయన పంక్చర్ మసి అంటిన వేలు ఫోటో మూలన, అరంగుళం కూడా లేని బాత్రూం తలుపు మీద పెడతాడు.

"అదిగో, మా చెల్లెమ్మ ఆ లోపలుంది."

ఫోటో అద్దం మీద అక్కడ నల్లటి మచ్చ పడింది. తుడవనివ్వడు.