పాత గుల్ల

వాకాడు దగ్గర ఒక పల్లెలో, చేపలు పట్టి బతికే ఒక పెద్దమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. నా పని గుల్లలు ఏరడం.

ఊరి బయట రొయ్యల గుంట తవ్వుతుంటే అడుగున పాత ఆల్చిప్పల పొర బయటపడింది. ఒకప్పుడు సముద్రపు నీళ్లు అంతవరకూ ఉండేవి. ఆల్చిప్ప పెరిగే కొద్దీ దాని మీద గీతలు పడతాయి. వాటిని పరీక్షిస్తే ఆ కాలంలో సముద్రం ఎప్పుడు వేడెక్కిందో, ఎప్పుడు వరదనీళ్లు కలిసి చప్పబడిందో తెలుస్తుంది. నా పరిశోధనంతా వాటి మీదే ఆధారపడింది. ఎండలో నడుం పడిపోయేలా ఏరి, గుడ్డ సంచుల్లో పోసి, ఏ లోతున దొరికినవో సంచుల మీద రాసి వరండాలో పెట్టాను. బండి మాట్లాడడానికి నెల్లూరు వెళ్తూ, "జాగ్రత్త పెద్దమ్మా, చాలా పాత గుల్లలు, మళ్లీ దొరకవు" అని చెప్పాను కూడా. అక్కడ జ్వరం తగులుకుని వారం ఉండిపోయాను.

తెల్లవారి బస్సుకి తిరిగొస్తే వరండా ఖాళీ. నా సంచులు మాత్రం ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఉన్నాయి. రాసిందంతా పోయింది.

"గుల్లలేవి పెద్దమ్మా?"

"బట్టీలో కాల్పించినా పాపా. పాత గుల్లకే ముగ్గు తెల్లంగా వస్తాది. నువ్వే గదా చెప్పినావు, బాగా పాతవని."

ఒళ్లు మండిపోయింది. ఈ తీరంలో గుల్లంటే సున్నానికో ముగ్గుకో తప్ప ఇంకెందుకూ కాదు. జాగ్రత్త చెప్పినందుకు నాకు దక్కిన ఫలం ఇది.

మళ్లీ ఏరుకుందామని గుంట దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే నీళ్లు పెట్టి రొయ్యపిల్లను వదిలేశారు. గుంట ఆసామి నన్ను గట్టు కూడా ఎక్కనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా పెద్ద ముగ్గు. నిజంగానే తెల్లగా మెరుస్తోంది. జ్వరం తగ్గి వచ్చానని నా కోసమే వేసిందట. నోరారా తిట్టుకునే అవకాశం కూడా లేకుండా చేసింది మహాతల్లి. ఏడుపొచ్చింది. అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక అక్కడే ఆగిపోయాను.

"ఏంది పాపా అట్ట నిలబడిపోయినావు? తొక్కితే తొక్కినావులే, లోపలికి రా. రేపు పొద్దున్నే ఊడ్చేసి ఇంకోటి వేస్తా. ఇంకా డబ్బా నిండా ఉండాది."